పదిహేను నుంచి పదికి

2021 మే 11, కరోనా రెండో వేవ్, శ్రీకాకుళంలో నైట్ డ్యూటీ. ఆసుపత్రి పేరు అనవసరం, ఆ నెలలో అన్నీ ఒకలాగే ఉన్నాయి. మంచాలు సరిపోక వరండాలో ఎనిమిది మందిని వేశాం, అక్కడికి ఆక్సిజన్ పైపులైను లేదు కాబట్టి అందరూ సిలిండర్ల మీదే. ఇద్దరం సిస్టర్లం, నేనూ, నాకంటే ఆరేళ్లు సీనియర్ అయిన అక్కా. మే నెల ఉక్కలో పీపీఈ కిట్ వేసుకుంటే గ్లవ్స్ లోపల చెమట నీళ్లలా కదిలేది, బాత్రూమ్‌కి వెళ్లాల్సొస్తుందని సాయంత్రం నుంచే మంచినీళ్లు మానేసేవాళ్లం. ఇవన్నీ అప్పట్లో చాలామంది రాశారు, నేను రాయాలనుకున్నది వేరే.

రెండు గంటలకి నిండు సిలిండర్లు మూడే మిగిలాయి. విశాఖ నుంచి రావలసిన వ్యాన్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. బి టైప్ సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లుంటుంది. నిమిషానికి 15 పెడితే 100 నిమిషాలు, 10 పెడితే 150. చిన్నప్పుడు లెక్కల్లో తప్పినదాన్ని, ఆ రాత్రి ఈ భాగహారం ఎన్నిసార్లు చేశానో. మూడు వార్డులకీ ఒక్కరే డ్యూటీ డాక్టరు, ఫోన్లో అడిగితే "శాచురేషన్ బాగున్నవాళ్లకి తగ్గించండి సిస్టర్, ఇంకేం చేస్తాం" అన్నారు. అది తప్పు మాట కాదు. శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 92 నుంచి 96 మధ్య ఉంటే చాలని గైడ్‌లైన్స్‌లోనే ఉంది.

నరసన్నపేట వైపు తాత ఒకాయన 97లో ఉన్నాడు. నాబ్ తిప్పి పదిహేను నుంచి పదికి తెచ్చాను. బుడగల చప్పుడు తగ్గగానే కళ్లు తెరిచాడు.

"గాలి తగ్గించీసినావేటమ్మా?"

"లేదు తాతా, సరిచేశాను" అన్నాను. 

ఇంకేం అనలేదాయన. తెల్లారే దాకా నేను అటు వెళ్లినప్పుడల్లా ఆ నాబ్ వైపే చూశాడు, నా మొహం ఎలాగూ కనబడదు కదా. ఆయనకి 93 కంటే తగ్గలేదు. తొమ్మిది రోజులకి నడిచి ఇంటికెళ్లాడు. వరండా చివర మంచం మీద ఒకావిడ 84లో ఉంటే ఆవిడకి మాత్రం తగ్గించలేదు, ఒక నిండు సిలిండర్ ఆవిడకే పెట్టాం. వ్యాన్ ఐదింటికి వచ్చింది. ఆవిడ నాలుగున్నరకే పోయింది. కొడుకు గేటు బయట, చేతిలో ఇడ్లీ పొట్లంతో.

డ్యూటీ దిగి ఫోన్ చూస్తే అన్ని గ్రూపుల్లోనూ నర్సుల దినోత్సవం శుభాకాంక్షలు, దీపం పట్టుకున్న నైటింగేల్ బొమ్మలు. మే 12 కదా. కోపం కూడా రాలేదు, ఫోన్ బ్యాగులో పడేసి పడుకున్నాను. 

తర్వాత పోస్ట్ బేసిక్ నర్సింగ్ కోర్సు చదువుతున్నప్పుడు 'మోరల్ డిస్ట్రెస్' అనే మాట తగిలింది. 1984లో ఆండ్రూ జేమ్‌టన్ అనే ఆయన నర్సుల గురించే రాసిన మాట అది: ఏది మంచిదో తెలిసీ, చుట్టూ ఉన్న వ్యవస్థ చెయ్యనివ్వకపోతే పడే బాధ. చదివి కొంచెం తేలికపడ్డాను గానీ, నాది అందులో పూర్తిగా ఇమడలేదు. నేను చేసింది సరైనదే. రూలు ప్రకారం సరైనదే, లెక్క ప్రకారం సరైనదే, తాత బతికాడు కూడా. అయినా "సరిచేశాను" అన్న ఆ ఒక్క మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. సిలిండర్లు లేవు తాతా అని చెప్పాల్సిందా? చెప్తే ఆ భయానికే ఊపిరి ఎగిసేదేమో. ఇప్పటికీ తేల్చుకోలేదు.

అక్కా నేనూ ఆ రాత్రి సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. పెళ్లిళ్లలో కలిశాం, పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం. పోయిన నెల ఆమదాలవలస బస్సులో పక్కపక్కన కూర్చున్నప్పుడు ఉన్నట్టుండి అడిగింది.

"వరండాలో నువ్వు ఎంతకి తగ్గించావే?"

"పదికి."

కిటికీలోంచి చూస్తూ చాలాసేపు ఊరుకుంది. టికెట్ మడతలు పెట్టి పెట్టి చిన్న ఉండ చేసింది.

"నావాళ్లలో ఒకరికి ఎనిమిది పెట్టాను. చార్టులో పదే రాశాను" అంది.