వేట బందులో మా సినిమా

చేతిలో డబ్బు లేనప్పుడు కథ రాసుకుని లొకేషన్ వెతుక్కోవడం దండగ. ఊరికే ఏం దొరుకుతుందో చూసుకుని, దాని చుట్టూ కథ అల్లుకోవాలి. మాకు దొరికింది విశాఖ ఫిషింగ్ హార్బర్. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. ఆ 61 రోజులూ బోట్లు జెట్టీకి కట్టేసి ఉంటాయి, మనుషులు వలలు బాగు చేసుకుంటూ కాస్త తీరిగ్గా కనిపిస్తారు. మిగతా రోజుల్లో తెల్లవారుజామున చేపల వేలం మధ్య నిలబడటానికే చోటుండదు, ఇంక కెమెరా ఎక్కడ పెడతాం? అందుకే నిషేధంలోనే జరిగే కథ రాశాను. సంపాదన లేని తండ్రి, చదువు మానేస్తానంటున్న కొడుకు. ఒక బోటు, ఒక ఇల్లు, ఒక టీ బడ్డీ. అంతే.

చెప్పకుండా ఫోన్‌తో కానిచ్చేద్దామని మావాడొకడు అన్నాడు. నేను ససేమిరా అన్నాను. ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ, ఆ చుట్టుపక్కలంతా నేవీ. కాగితం లేకుండా తిరిగితే ఫోన్లు పోతాయి, ఫుటేజీ పోతుంది. అనుమతి తెచ్చుకున్నాం, బోటు ఓనర్లతో మాట్లాడుకున్నాం, నేవీ వైపు కెమెరా తిప్పకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాం. వైజాగ్‌లో సినిమా అనగానే డ్రోన్ షాట్ ఉందా అని అడుగుతారు. లేదండీ, ఉండదు కూడా.

తండ్రి పాత్రకి బోటు నడిపే ఒక సరంగునే అడిగాం. కొడుకుగా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ చదివే కుర్రాడు. నేను రాసిన డైలాగులు విని సరంగు నవ్వేశాడు. "మాయింట్లో ఇలాగ ఎవులు మాట్లాడతారు బాబూ?" అన్నాడు. సీనులో ఏం జరగాలో చెప్పి, మాటలు ఆయనకే వదిలేశాను. స్క్రిప్టులో అరపేజీ ఉన్నది ఆయన నోట రెండు ముక్కల్లో అయిపోయింది.

ఫోన్ కెమెరా బొమ్మ ఇప్పుడు ఎవరికైనా బాగానే వస్తుంది. ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల తీరు) మధ్యలో మారకుండా లాక్ చేయాలి, ట్యూబ్‌లైటు కింద షటర్ సెకనులో 1/50 వంతు దగ్గర పెట్టాలి (మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైటు మినుకుమినుకుమనదు). నీడ పడ్డ ముఖం మీదకి వెలుతురు తిప్పడానికి థర్మోకోల్ షీటు చాలు. ఈ సెట్టింగులన్నీ మనమే పెట్టుకోవడానికి బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉంది, ఉచితమే. మే ఎండలో ఫోన్ వేడెక్కి స్క్రీన్ డిమ్ అయిపోతుంది, అదొక్కటే తలనొప్పి. ఐదున్నరకల్లా వెలుతురు వచ్చేస్తుంది కాబట్టి ఎండ ముదిరేలోపే బోటు సీన్లు ముగించేవాళ్లం.

సినిమా నిలబడేది సౌండ్ మీద. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే లేచి పోతారు. అందుకే ఉన్న కొద్ది డబ్బులో టిఫిన్లు పోగా మిగిలిందంతా కాలర్ మైకుల మీదే పెట్టాను. పొద్దెక్కే కొద్దీ సముద్రం గాలి జోరందుకుంటుంది, మైకులో బరబరమని ఒకటే మోత. మా చెల్లి పాత టెడ్డీబేర్ బొచ్చు కత్తిరించి మైకులకు చుట్టాం. చెల్లి ఇంకా మాట్లాడట్లేదు కానీ గాలి మోత మాత్రం చాలావరకు తగ్గింది.

ఇంక కాకులు. హార్బర్‌లో వాటిని ఎవరూ ఆపలేరు. అందుకని ప్రతి సీనూ అయ్యాక అందర్నీ కదలకుండా నిలబెట్టి, ఉత్త కాకుల గోలే అర నిమిషం రికార్డు చేశాం. ఎడిటింగ్‌లో రెండు షాట్లు అతికేటప్పుడు ఆ గోల కింద పరిస్తే అతుకు తెలియదు. టీ బడ్డీ రేడియో మాత్రం ఆపించాం. వెనకాల సినిమా పాట ఒక్క చరణం వినపడినా కాపీరైట్ గొడవ. సౌండ్ వేరే ఫోన్‌లో రికార్డు చేశాం కాబట్టి, తర్వాత బొమ్మకీ సౌండ్‌కీ జత కుదర్చడానికి టేక్ మొదట్లో ఒక చప్పట, చివర్లో ఒక చప్పట. ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేటు (సెకనుకి తీసే బొమ్మల లెక్క) అటూ ఇటూ అవుతుంది, రెండో చప్పట దగ్గర చూస్తే సౌండ్ ఎంత జరిగిందో దొరికిపోతుంది.

ఎడిటింగ్ డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో చేశాను. లాప్‌టాప్ పాతది, అందుకే ముందు అసలు వీడియోలకి బదులు చిన్న సైజు నకళ్లు (ప్రాక్సీ ఫైళ్లు) చేసుకుని కట్ చేశాను. నటించినవాళ్లందరి చేతా, స్నేహితులతో సహా, సంతకాలు తీసుకున్నాం. ఫెస్టివల్స్‌కి పంపేటప్పుడు హక్కులు మనవే అని చెప్పాల్సి ఉంటుంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ రాయడానికి షూటింగ్ కంటే ఎక్కువ ఓపిక పట్టింది. సరంగు తిట్లకి ఇంగ్లిష్ ఎక్కడ దొరుకుతుంది?

ఎంట్రీ ఫీజు లేని ఫెస్టివల్స్ ఏరుకుని పంపుతున్నాం. నెట్‌లో ముందే పెట్టిన సినిమాని కొన్నిచోట్ల తీసుకోరు. అందుకని యూట్యూబ్‌లో పెట్టలేదు. ఈ రూలు సరంగుకి చెప్పి చెప్పి అలిసిపోయాను, కనిపించినప్పుడల్లా లింకు అడుగుతూనే ఉన్నాడు.