సీసీ కెమెరా కింద పెట్టిన డబ్బా

విశాఖ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ట్రైనింగ్ చూస్తుంటాను. ఎమ్మెస్సీ సైకాలజీ చదివానని పోయిన ఏడాది మా ప్లాంట్ హెడ్ పిలిచి ఒక పని అప్పజెప్పారు. "నియర్ మిస్ రిపోర్టులు నెలకు రెండో మూడో వస్తున్నాయి, పైవాళ్ళు నమ్మడం లేదు. ఏదో ఒకటి చెయ్యమ్మా" అన్నారు. వెంట్రుకవాసిలో తప్పిన ప్రమాదాన్ని నియర్ మిస్ అంటారు. మూడు షిఫ్టులు, రియాక్టర్లు, డ్రమ్ముల కొద్దీ ఇట్టే అంటుకునే సాల్వెంట్ ఉన్న చోట నెలకు రెండంటే నేనూ నమ్మను.

నాకు హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్సన్ పరిశోధన గుర్తొచ్చింది. ఆవిడ పీహెచ్‌డీ రోజుల్లో ఆస్పత్రుల్లో మందుల పొరపాట్ల లెక్కలు చూశారు. మంచి టీముల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే లెక్క తిరగబడింది, వాళ్ళ దగ్గరే ఎక్కువ తేలాయి. వాళ్ళు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, దాచడం లేదని ఆవిడకు తర్వాత అర్థమైంది. నోరు విప్పితే ఏమవుతుందో అన్న భయం టీములో ఎంత ఉందో కొలవడానికి 1999లో ఏడు వాక్యాల ప్రశ్నావళి ఒకటి ప్రచురించారు. ఒక తయారీ కంపెనీలో 51 టీముల మీద వాడి చూసినదే. మాదీ ఫ్యాక్టరీయే కదా, తెలుగు చేసి పంచేస్తే సరిపోతుందనుకున్నాను.

తెలుగు చేశాను. ఇంగ్లిష్ మూలం చూపించకుండా నా స్నేహితురాలి చేత మళ్ళీ ఇంగ్లిష్ చేయించాను. రెండూ చక్కగా సరిపోయాయి. సరిపోక ఏం చేస్తాయి, ఇద్దరం ఒకే క్లాసులో ఒకే పుస్తకాలు చదివినవాళ్ళం! అసలు పరీక్ష క్యాంటీన్‌లో జరిగింది. షిఫ్ట్ దిగిన ఆరుగురు ఆపరేటర్లను కూర్చోబెట్టి, ఒక్కో వాక్యం చదివి ఏం అర్థమైందో చెప్పమన్నాను. 'ఈ టీములో రిస్క్ తీసుకున్నా ఇబ్బంది ఉండదు' అన్న వాక్యం దగ్గర శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దాయన ఆగిపోయాడు.

"ఇదేటి మేడం, రిస్కు తీసుకోమని మీరే రాసిస్తే ఎలాగ? రేపు సేఫ్టీ ఆయన చూశాడంటే గేటు బయట పెట్టేస్తాడు."

ఆయన మాటే నిజం. ఆఫీసులో రిస్క్ అంటే మీటింగులో కొత్త ఐడియా చెప్పడం. మా దగ్గర రిస్క్ అంటే హెల్మెట్ లేకుండా నిచ్చెనెక్కడం. చివరికి ఆ వాక్యాన్ని 'తెలియనిది తెలియదని చెప్పినా, పని ఆపి అడిగినా ఇక్కడ ఎవరూ చులకన చెయ్యరు' అని మార్చాను. మూలానికి అది ఎంత దూరం జరిగిందో నాకు తెలుసు. అందుకే మా మార్కుల్ని ఆ పరిశోధనలో మార్కులతో పోల్చి చూపించమని అడిగినా ఒప్పుకోలేదు. మన షిఫ్టుల్ని మనలో మనమే పోల్చుకుందామన్నాను.

ఒకటి నుంచి ఏడు దాకా మార్కులు వెయ్యమంటే అందరూ నాలుగు దగ్గరే టిక్ పెట్టారు. నాలుగు గడులకు తగ్గించి, నడిమి గడి తీసేశాను. 'వేరేగా ఉన్నవాళ్ళని దూరం పెడతారా' అన్న ప్రశ్నకు ఆరుగురూ "అలాంటివేం లేవు మేడం" అన్నారు. పక్కనే పర్మనెంట్ వాళ్ళొక బల్ల దగ్గర, కాంట్రాక్ట్ వాళ్ళొక బల్ల దగ్గర తింటున్నారు. ఆ ప్రశ్న తీసెయ్యలేదు. దాని జవాబును మాత్రం నేను లెక్కలోకి తీసుకోలేదు.

పేర్లు అడక్కుండా ఫారాలు పంచి, క్యాంటీన్ ద్వారం పక్కన డబ్బా పెట్టించాను. వారం తర్వాత తెరిస్తే పదో పదకొండో ఉన్నాయి, అన్నీ పొగడ్తలే. కారణం హౌస్‌కీపింగ్ ఆవిడ చెప్పింది. "పైన చూడండమ్మా" అంది. చూస్తే సరిగ్గా డబ్బా నెత్తిన సీసీ కెమెరా! అన్నీ చదివిన నాకు ఆ ఒక్కటి కనపడలేదు. డబ్బాను బట్టలు మార్చుకునే గదిలోకి మార్పించాను. చేతిరాత గుర్తుపడతారన్న భయం పోవాలని నియర్ మిస్ స్లిప్పులు కూడా టిక్కులు పెట్టేలా అచ్చువేయించి, వాటినీ అందులోనే వెయ్యమన్నాను.

రెండో నెలకు స్లిప్పులు ముప్ఫై దాటాయి. నేను సంబరపడుతుంటే ప్లాంట్ హెడ్ మొహం మాడింది. "తగ్గించమంటే పెంచావేంటమ్మా? ఇది పైకి ఎలా పంపను?" అన్నారు. తగ్గించమని ఆయన అనలేదు, కానీ ఆ మాట పైకి అనలేం కదా. ఆస్పత్రుల కథ చెబితే తల ఊపారు గాని కరగలేదు. అప్పుడు ఒక స్లిప్పు తీసి ముందు పెట్టాను. సాల్వెంట్ డ్రమ్ముకు పెట్టే ఎర్తింగ్ క్లిప్ పళ్ళు అరిగిపోయి పట్టు జారుతోందనీ, తాడుతో కట్టి పని నడుపుతున్నామనీ టిక్కుల కింద చేత్తో రాసి ఉంది. స్టాటిక్ కరెంటుతో నిప్పురవ్వ లేవకుండా చూసేది ఆ క్లిప్పే.

ఆయన రెండుసార్లు చదివారు. "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగారు.

స్లిప్పులో ఆ సంగతి లేదు. మెయింటెనెన్స్ వాళ్ళకు ఫోన్ చేసి, అన్ని బ్లాకుల్లో క్లిప్పులు ఆ సాయంత్రమే చూడమన్నారు. స్లిప్పు నాకు తిరిగి ఇవ్వలేదు, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఎవరు రాశారని మాత్రం అడగలేదు.