హైవే పక్కకు వెళ్లాక మా రోడ్డును నిలబెట్టుకున్న తీరు

బైపాస్ తెరిచాక మొదటి రెండేళ్లు మా వర్తక సంఘం పోయిన వాహనాలను వెనక్కి రప్పించాలనే ఆశతోనే పనిచేసింది. మలుపుల దగ్గర బోర్డులు పెట్టించాం, రాయితీలు ప్రకటించాం. దూరప్రయాణం చేసేవారు మా కోసం దారి మళ్లరని ఒప్పుకోవడానికి మాకు చాలా కాలం పట్టింది. అమెరికాలో రూట్ 66 అనే పేరుమోసిన పాత హైవే మీది సెలిగ్‌మన్ ఊరిని 1978లో కొత్త హైవే తప్పించుకుపోతే, 1987లో అక్కడివారు సంఘం పెట్టుకుని పాత రోడ్డు చరిత్రతోనే యాత్రికులను రప్పించుకున్నారు. ఆ ఉదాహరణ నాకెంతో ధైర్యాన్నిచ్చింది గానీ, అంత పేరున్న రోడ్డుకే ఆ మార్గం పనికొస్తుంది. మాకు మిగిలింది చుట్టుపక్కల కాపురముంటున్న జనమే.

అసలు చిక్కు రోడ్డు ఎవరిదన్న దగ్గర వచ్చింది. హైవే హోదా పోయినా రికార్డుల్లో అది రహదారుల శాఖ పేరు మీదే ఉండటంతో, దాటేచోట తెల్లగీతలు వేయమని అడిగితే ఒక కార్యాలయం ఇంకో కార్యాలయానికి పంపేది. రోడ్డును పురపాలక సంస్థకు అప్పగించేవరకు ఏ పనీ కదలలేదు. ఇలాంటి పనికి పూనుకునేవారు, అప్పగింతకు ముందే తారు, కాలువలు బాగుచేసి ఇవ్వాలని రాతపూర్వకంగా అడగాలి. మేం అడగలేదు, ఆ మరమ్మతుల భారం తర్వాత పురపాలక సంస్థ మీదే పడింది.

ఒక సాయంత్రం గడియారం పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాను. చేతిసంచితో దాటబోయిన ఒక పెద్దావిడ రెండు వరుసలు దాటి, నడిమధ్య గీత మీద ఆగిపోయి, మిగతా రెండు వరుసల్లో సందు దొరికేదాకా సంచిని గుండెలకు హత్తుకుని నిలబడింది. వాహనాలు తగ్గాయి గానీ, రోడ్డు వెడల్పు తగ్గకపోవడంతో వాటి వేగం పెరిగింది. నాలుగు వరుసలను మూడు చేసి, మధ్యదాన్ని పక్కకు మళ్లే వాహనాలకు వదలాలని కోరాం. అమెరికా ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ లెక్కల్లో ఈ మార్పుతో ప్రమాదాలు 19 నుంచి 47 శాతం తగ్గాయని చూపించాక అభ్యంతరాలు సడలాయి. మిగిలిన జాగాలో కాలిబాట, చెట్లు వచ్చాయి.

అప్పుడు మా బోర్డుల సంగతి తెలిసొచ్చింది. వేగంగా పోయేవారు చదవడానికి ఎత్తున రాయించిన ఆ పెద్ద అక్షరాలు, కింద నడిచేవారి చూపుకు ఆనేవే కావు. తలుపు పక్కన, కంటి ఎత్తులో చిన్న పలకలు పెట్టించాం. ఖాళీ దుకాణాల పైఅంతస్తుల్లో నివాసాలకు అనుమతి కోరుతూ పెట్టుకున్న దరఖాస్తు ఇంకా పరిశీలనలోనే ఉంది.