మూడుసార్లు కట్టిన కరెంటు లైన్

పట్టాలు, ప్లాట్‌ఫామ్, లెవెల్ క్రాసింగ్ గేటు, చెట్లు అన్నీ అయ్యాక కూడా నా మోడల్ రైల్వేలో ఏదో వెలితి ఉండేది. డబ్ల్యూఏజీ-9 కరెంటు లోకో తన పాంటోగ్రాఫ్‌ను, అంటే పై తీగ నుంచి కరెంటు అందుకునే చేతిని, పైకెత్తుకుని బోర్డు చుట్టూ తిరిగేది కానీ పైన ఒక్క తీగ కూడా లేదు. వాన లేని రోజున గొడుగు వేసుకుని తిరిగే మనిషిలా ఉండేది దాని వాలకం. ఏడాది పాటు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. చివరికి ఓహెచ్‌ఈ, అంటే పట్టాల మీది కరెంటు తీగల ఏర్పాటు, కట్టేద్దామని కూర్చున్నాను. రెండు నెలల పని అనుకున్నది పద్నాలుగు నెలలు పట్టింది. అదీ మూడోసారికి.

నాది హెచ్‌ఓ స్కేల్, అంటే అసలులో 87వ వంతు. ఈ స్కేల్‌కి సొమర్‌ఫెల్ట్, ఫీస్మన్ లాంటి జర్మన్ కంపెనీల రెడీమేడ్ స్తంభాలున్నాయి. చక్కగా ఉంటాయి, కానీ అవి జర్మనీ లైన్ల బొమ్మలు. వాటి కింద మన లోకో నిలబెడితే అద్దె సూటు వేసుకున్న పెళ్లికొడుకులా కనిపిస్తుంది. మన పద్ధతి స్తంభాలు, అంటే మాస్టులు, నాకు రెడీమేడ్‌గా దొరకలేదు. కాబట్టి ఇత్తడి సెక్షన్లు, ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని నేనే దిగాను.

ముందు కొలతలు. మన 25 కిలోవోల్టుల లైన్‌లో రెండు మాస్టుల మధ్య దూరం 72 మీటర్లకు మించదు. తగ్గించాల్సి వస్తే 4.5 మీటర్ల లెక్కన 67.5, 63, 58.5 అలా తగ్గిస్తూ పోతారు. 72 మీటర్లంటే హెచ్‌ఓలో దాదాపు 83 సెంటీమీటర్లు. నా దగ్గరున్న తిన్నని దారే రెండున్నర మీటర్లు. అందులో 83 లెక్కన పెడితే లైన్ వేసినట్టు కాదు, మధ్యలో ఆపేసి వెళ్లినట్టు ఉంటుంది. అందుకని 54 మీటర్లు తీసుకున్నాను. 62 సెంటీమీటర్ల చొప్పున నాలుగు స్పాన్లు (మాస్టుల మధ్య ఖాళీలు), ఐదు మాస్టులు. పాంటో రాసుకునే కింది తీగ కాంటాక్ట్ వైర్. దాని ఎత్తు పట్టా మీద నుంచి 5.6 మీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి 64 మిల్లీమీటర్లు. దాన్ని మోసే పై తీగ కాటెనరీ వైర్. మాస్టు దగ్గర అది 1.4 మీటర్ల పైన, అంటే 16 మిల్లీమీటర్లు. ఈ ఎడాన్ని ఎన్‌కంబ్రెన్స్ అంటారు. ట్రాక్ మధ్య గీత నుంచి మాస్టు ముఖం దాకా ఉండే దూరాన్ని ఇంప్లాంటేషన్ అంటారు. అది 2.5 మీటర్లకు తగ్గకూడదనుకుని 30 మిల్లీమీటర్లు పెట్టుకున్నాను. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. స్కేల్ ప్రకారం పట్టాల మధ్య 19 పైచిలుకు ఉండాలి, దొరికే హెచ్‌ఓ ట్రాకేమో 16.5. ఆ రాజీ ముందే పడిపోయాను. దూరం ట్రాక్ మధ్య నుంచి కొలిచేది కాబట్టి మాస్టులకు దాంతో పేచీ రాలేదు.

ఇంప్లాంటేషన్, ఎన్‌కంబ్రెన్స్ అని మన లైన్ స్టాఫ్ ఎందుకంటారో మొదట్లో అర్థమయ్యేది కాదు. 1925లో బొంబాయి వీటీ నుంచి కుర్లా దాకా నడిచిన మొదటి కరెంటు రైలు 1500 వోల్టుల డీసీది. 1950ల చివర్లో 25 కిలోవోల్టుల ఏసీకి మారినప్పుడు ఫ్రెంచ్ రైల్వే సాంకేతిక సాయం తీసుకున్నారు. ఆ మాటల్లో ఫ్రెంచ్ వాసన కొడుతుంటే ఆ సంగతి గుర్తొస్తుంది.

మొదటి లైన్ చాలా వేగంగా కట్టేశాను. ఒక మాస్టు, దానికి తీగను పట్టుకునే చెయ్యి లాంటి కాంటిలీవర్ బాగా కుదిరింది. అదే అచ్చు మీద ఇంకో పదమూడు దించాను. తీగను గీత గీసినట్టు ట్రాక్ మధ్యలో నిలబెట్టాను. ఫొటోలు తీసుకున్నాను. మా కింది వాటాలో ఒక పెద్దాయన ఉంటారు, ఓహెచ్‌ఈ మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. నేను బాబాయ్ గారూ అని పిలుస్తాను. మెచ్చుకుంటారని పైకి పిలిచాను. కళ్లజోడు సర్దుకుని మాస్టులు ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లి, రెండో దాని దగ్గర ఆగారు.

“ఏమయ్యా, అన్నీ ఒకే అచ్చు పోశావేం? వీటిలో సగం పనిచెయ్యవు.”

“బొమ్మే కదా బాబాయ్ గారూ, కరెంటు కూడా ఉండదు.”

“కరెంటు సంగతి కాదు నే చెప్పేది. ఈ స్టెడీ ఆర్మ్ తీగను ఎటు లాగుతోంది, చెప్పు.”

చెప్పలేకపోయాను. ఆయన నా కాగితం వెనక్కి తిప్పి బొమ్మ గీశారు.

తీగ ట్రాక్ మధ్యలో తిన్నగా ఉండదు. తిన్నని దారిలో ఒక మాస్టు దగ్గర 200 మిల్లీమీటర్లు ఇటు, తర్వాతి మాస్టు దగ్గర 200 అటు జరుగుతుంది. స్టాగర్ అంటే అదే. తీగ ఒకేచోట రాసుకుంటూ పోతే పాంటో మీది కార్బన్ పట్టీ అక్కడే గాడి పడుతుంది, అందుకని అరుగుదలను పట్టీ వెడల్పంతా పంచుతారు. ఇంతవరకూ నేనూ చదివాను. హెచ్‌ఓలో 2.3 మిల్లీమీటర్లే కదా, ఎవరికి కనిపిస్తుందిలే అని వదిలేశాను. నేను ఆలోచించని సంగతి వేరే ఉంది. తీగను అలా పక్కకి పట్టి ఉంచేది స్టెడీ ఆర్మ్. అది తేలికపాటి కడ్డీ. లాగగలదు కానీ తోయలేదు. తొయ్యబోతే మడత పడుతుంది. తీగ మాస్టు వైపు జరగాల్సిన చోట ఆర్మ్ మాస్టు వైపు నుంచి బయల్దేరి తీగను అందుకుంటుంది. తీగ మాస్టుకు దూరంగా జరగాల్సిన చోట కాంటిలీవర్‌లో అడ్డంగా ఉండే రిజిస్టర్ ట్యూబ్ ట్రాక్ మధ్య గీత దాటి అవతలికి సాగాలి. ఆ చివర నుంచి ఆర్మ్ వెనక్కి తిరిగొచ్చి తీగను పట్టుకోవాలి. రెండు చోట్లా ఆర్మ్ చేసేది లాగుడే. అందుకే మాస్టులన్నీ ఒకే పక్కన ఉన్న లైన్‌లో కాంటిలీవర్లు ఒకటి విడిచి ఒకటి వేరే రకంగా ఉంటాయి.

ఎన్ని వందల సార్లు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఉంటాను! ఒక పొట్టి చెయ్యి, ఒక పొడుగు చెయ్యి, మళ్లీ పొట్టి చెయ్యి. కళ్ల ముందే వెళ్తుంటే చూడలేదు. మర్నాడు పద్నాలుగు మాస్టులూ పీకేశాను.

రెండోసారి మాస్టుల మీద బాగా సమయం పెట్టాను. నేల పైన 92 మిల్లీమీటర్లు. రెండు ఇత్తడి చానెళ్లను ఎదురెదురుగా పెట్టి అడ్డంగా సన్నని పట్టీలు వేసి టంకం పెట్టాను. ఇందుకు గట్టి చెక్క ముక్కలో గాడులు తీసి, ముక్కలు కదలకుండా పట్టే ఒక జిగ్ చేసుకున్నాను. జిగ్ చేయడానికి రెండు రోజులు, ఆ తర్వాత మాస్టుకు ఇరవై నిమిషాలు. జిగ్ లేకుండా చేతిలో పట్టుకుని చేస్తే ఒక పట్టీ అతుకుతుంటే ముందుది ఊడిపోతుంది. అదీ చేసి చూశాను.

కాంటిలీవర్లో పైనుండేది స్టే ట్యూబ్, కింద నుంచి ఏటవాలుగా పైకెళ్లేది బ్రాకెట్ ట్యూబ్, అడ్డంగా ఉండేది రిజిస్టర్ ట్యూబ్. మూడింటికీ ఒక మిల్లీమీటరు లోపు ఇత్తడి కడ్డీలే వాడాను. స్టే, బ్రాకెట్ ట్యూబుల మొదట్లో ఇన్సులేటర్లు రావాలి. దీనికి చాలా తంటాలు పడ్డాను. పూసలు గుచ్చితే జపమాలలా ఉంది. చివరికి సన్నని రాగి తీగను కడ్డీ చుట్టూ స్ప్రింగులా దగ్గర దగ్గరగా చుట్టి, కొద్దిగా సాగదీసి, పైన ముదురు గోధుమ రంగు నిగనిగలాడేలా వేశాను. చెయ్యి చాపినంత దూరం నుంచి చూస్తే అచ్చం పింగాణీ ఇన్సులేటరే. భూతద్దం పెట్టి చూసేవాళ్లను లైన్ దగ్గరికి రానివ్వను.

యార్డు మీద రెండు పోర్టళ్ల సంగతి ఎక్కువ చెప్పను, గుర్తొస్తే వేళ్లు మండుతాయి. ఒక్కోదానికి రెండు కాళ్లు, వాటి మధ్య నాలుగు ట్రాకుల మీదుగా 24 సెంటీమీటర్ల దూలం. నాలుగు మూలల్లో ఇత్తడి యాంగిళ్లు, నాలుగు ముఖాల మీదా ఏటవాలు పట్టీలు. మొత్తం దూలాన్ని ఒకే టంకంతో చేయబోతే ఒక ముఖం అయ్యేసరికి పక్క ముఖం కరిగి జారింది. ఎక్కువ వేడికి కరిగే టంకంతో ముందు రెండు ముఖాలు విడిగా చేసుకుని, తక్కువ వేడికి కరిగేదాంతో వాటిని కలిపితే నిలబడింది.

తీగకు ఒక పలక మీద కాగితం అంటించి, స్పాన్ బొమ్మ అసలు సైజులో గీసి, మేకులు కొట్టి ఇంకో జిగ్ చేశాను. అసలు కాంటాక్ట్ వైర్ 107 చదరపు మిల్లీమీటర్ల రాగి, 12 మిల్లీమీటర్ల పైచిలుకు మందం. స్కేల్‌కి తెస్తే 0.14 మిల్లీమీటర్లు. అది వెంట్రుకతో సమానం, లోకో తాకితే తెగుతుంది. 0.4 వాడాను. కాటెనరీకి 0.3, దాని నుంచి కింది తీగను వేలాడదీసే డ్రాపర్లకు 0.2. లెక్క ప్రకారం కాంటాక్ట్ వైర్ మూడింతలు లావు, కానీ నల్లబరిచాక కంటికి ఆ లావు తెలియడం లేదు. డ్రాపర్లు మాస్టు నుంచి 4.5 మీటర్ల దగ్గర మొదటిది, ఆ తర్వాత 9 మీటర్లకొకటి. 54 మీటర్ల స్పాన్‌లో సరిగ్గా ఆరు పడతాయి. 4.5 లెక్క ఎందుకు పెట్టారో ఆ బొమ్మ గీస్తున్నప్పుడు నాకు తట్టింది.

వంపు దగ్గర లెక్క మారిపోతుంది. నా వంపు వ్యాసార్థం 60 సెంటీమీటర్లు. అంత ఇరుకు వంపు నిజంగా ఉంటే అక్కడ రైలు తిరగదు. తీగ వంగదు కాబట్టి మాస్టుల దగ్గర వంపు బయటికీ, స్పాన్ మధ్యలో లోపలికీ జరుగుతుంది. నా లోకో పాంటో తల వెడల్పు 20 మిల్లీమీటర్లు. అటు నాలుగు, ఇటు నాలుగు మించకూడదనుకుని లెక్కేస్తే మాస్టుల మధ్య 19 సెంటీమీటర్లే వచ్చింది. తిన్నని దారిలో ఐదు మాస్టులుంటే పావు చుట్టు వంపులోనే ఇంకో ఐదు. మాస్టులన్నీ వంపు బయటి పక్కన పెట్టాను. అక్కడ ప్రతి మాస్టు దగ్గరా తీగ మాస్టు వైపే జరగాలి కాబట్టి పొడుగు చేతుల బాధ తప్పింది.

ప్రతి మాస్టు దగ్గరా తీగను గట్టిగా టంకంతో అతికించేశాను. రైలు తిరిగింది. పాంటో కుడికీ ఎడమకీ తీగ మీద జారుతుంటే ఆ రాత్రి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

వానాకాలం వచ్చింది. కింది చెక్క ఫ్రేమ్ కొద్దిగా వంగింది. కొద్దిగానే, రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో. తీగ ఒకచోట వదులై వేలాడింది, ఇంకోచోట బిగిసి రెండు మాస్టులను వంచింది. వేలాడిన చోట పాంటో ఒక డ్రాపర్ కింది టంకం బొట్టులో చిక్కుకుంది. నేను చూసి ఆపేలోపు లోకో మూడు స్పాన్ల తీగను తనతో పాటు లాక్కెళ్లింది. పాంటో విరిగి పక్కనున్న చెరువులో పడింది. అది అద్దం చెరువు కాబట్టి దొరికింది.

బాబాయ్ గారు వచ్చి చూసి నవ్వలేదు. “మాకూ అయ్యేవి ఇలాంటివి” అన్నారు, పలకరింపుకి వచ్చినవాళ్ల గొంతుతో. తర్వాత అడిగారు, “ఏటీడీ ఏది?”

ఏటీడీ అంటే తీగను ఎప్పుడూ ఒకే బిగువులో ఉంచే ఏర్పాటు. మాస్టు పక్కన కప్పీలు, వాటి నుంచి వేలాడే బరువుల దొంతర. రెండు తీగలకూ వెయ్యేసి కిలోల బిగువు దానివల్లే. 750 మీటర్ల రాగి తీగ 40 డిగ్రీల తేడాకు అర మీటరు సాగుతుంది. సాగినంతా బరువులు కిందికి దిగి సర్దుతాయి. తీగ అలా ముందుకీ వెనక్కీ కదలాలి కాబట్టే కాంటిలీవర్లు మాస్టుకు బిగించేసి ఉండవు, తలుపులా తిరుగుతాయి. నేను ఆ బరువులను అందానికి పెట్టే వస్తువులనుకుని జాబితాలో ఆఖర్న రాసుకున్నాను.

మూడోసారి మాస్టులు మార్చలేదు. కాంటిలీవర్లు తీసి, మాస్టుకు రెండు చిన్న రంధ్రాలు చేసి, అవి తిరిగేలా పిన్నుల మీద కూర్చోబెట్టాను. తీగను ఒక చివర మాత్రం గట్టిగా కట్టేశాను. రెండో చివర ఏటీడీ మాస్టు. పైకి కనిపించే కప్పీలూ బరువులూ ఉత్త బొమ్మలే. అసలు పని చేసేది వాటి వెనక దారం. మాస్టు పక్కనుంచి బోర్డులోకి దిగి, అడుగున మెత్తని స్ప్రింగుకు కట్టి ఉంది. టంకం బొట్లన్నీ కాంటాక్ట్ వైర్ పైవైపే ఉండేలా చూసి, కింది వైపు సన్న గరుకు కాగితంతో రుద్దాను. వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా తడిమి, తగిలిన ప్రతిచోటా మళ్లీ రుద్దాను. ఒక ఎంతో ముఖ్యమైన అబద్ధం కూడా ఆడాను. అసలు లైన్‌లో తీగ ముగిసే చోట రెండు తీగలు కొన్ని స్పాన్ల దూరం పక్కపక్కన సాగి పని అప్పగించుకుంటాయి. దానికి నా బోర్డంతా చాలదు. అందుకని ఆ చివరను రోడ్డు వంతెన వెనక దాచేశాను.

తర్వాత రంగు. గాల్వనైజ్ చేసిన ఇనుము మెరవదు, మసక బూడిద రంగులో ఉంటుంది. గేటు దగ్గర, ఎత్తైన బండ్లు తీగ కిందికి రాకుండా ఆపే హైట్ గేజ్ పెట్టాను, 4.67 మీటర్లంటే 54 మిల్లీమీటర్లు. నా లారీల్లో గడ్డి వేసుకున్నది దాని కింద పట్టదు, కాబట్టి దాన్ని గేటు ఇవతలే ఆపేశాను. మాస్టులకు కిలోమీటరు నంబర్ల ప్లేట్లు, 25000 వోల్టుల హెచ్చరిక పలకలు అతికించాను.

రెండో వానాకాలం గడిచింది. స్ప్రింగు తన పని తాను చేసుకుంటోంది, తీగ వదులు కాలేదు. మొన్న బాబాయ్ గారు వచ్చి స్టూలు మీద కూర్చుని అరగంట చూశారు. గూడ్సు నాలుగుసార్లు తిరిగింది. లేచి వెళ్లబోతూ వంగి ఒక మాస్టు మొదట్లో వేలు పెట్టారు.

“మాస్టు నుంచి పట్టాకి బాండ్ వెయ్యలేదేం?”

బాండ్ అంటే మాస్టును పట్టాతో కలిపే లోహపు పట్టీ. పద్నాలుగు మాస్టులు, రెండు పోర్టళ్లకు నాలుగు కాళ్లు. సన్నని పట్టీలు పద్దెనిమిది కోసి పెట్టుకున్నాను. ఇప్పటికి ఏడు అతికించాను.