ఒక్క బాణం తిప్పితే

ఇవాళ సెలవు. పొద్దున్నే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. స్పిన్ గొలుసులో తిరగబడ్డ రెండు స్పిన్లు జంటగా ప్రయాణిస్తే వాటి శక్తి ఎంత? కంప్యూటర్‌కి ఇస్తే చిటికెలో చెప్పేస్తుంది. కానీ ఈ లెక్కకి దారి భౌతిక శాస్త్రవేత్త హాన్స్ బేథే 1931లో చేత్తో వేసింది. చేత్తోనే చేసి చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

అయస్కాంత పరమాణువులు ఒకే వరుసలో ఉన్నాయనుకుందాం. ప్రతిదానికీ ఒక బాణం, అదే స్పిన్. ఫెర్రో అయస్కాంతంలో బాణాలన్నీ పైకే చూస్తాయి. ఒకదాన్ని కిందికి తిప్పితే ఆ మార్పు అక్కడే ఉండిపోదు, అలగా గొలుసంతా పాకుతుంది. దాన్నే మాగ్నాన్ అంటారు. రెండింటిని తిప్పితే ఆ మాగ్నాన్లు దేని దారిన అది పోవచ్చు, కలిసీ పోవచ్చు. స్పిన్ విలువ సగం ఉన్న గొలుసులో, పొరుగు స్పిన్ల మధ్య బంధం బలం జె అనుకుంటే, మొత్తం ద్రవ్యవేగం అత్యధికంగా ఉన్నచోట విడివిడి మాగ్నాన్లకు కనీసం రెండు జె శక్తి కావాలి. కలిసిన జంటకు ఒక్క జె చాలు. సరిగ్గా సగం! లెక్క అక్కడికి తేలాక పెన్ను పక్కన పెట్టి ఆ గీతనే చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

అదే ద్రవ్యవేగంతో పోయే ఒంటరి మాగ్నాన్ శక్తితో పోలిస్తే, మూడు కలిసిన గుంపుకి మూడో వంతు, పది కలిస్తే పదో వంతు. గుంపు పెరిగేకొద్దీ శక్తి తగ్గుతుంది, వేగమూ తగ్గుతుంది. గుంపు బాగా పెద్దదైతే అదే సాలిటాన్, అంటే ఆకారం చెదరకుండా సాగే ఒంటరి అల. జాన్ స్కాట్ రస్సెల్ 1834లో కాలువ నీటిలో ఇలాంటి అలనే చూసి గుర్రం మీద వెంబడించాడు. నీటిలో ఎత్తైన అల వేగంగా పోతుంది. స్పిన్ గొలుసులో మాత్రం పెద్ద గుంపే నిదానం. ఈ తేడా నాకు భలే నచ్చుతుంది. గొలుసుని అవిచ్ఛిన్నమైన తీగగా చూస్తే దాని సమీకరణం నాన్‌లీనియర్ ష్రోడింగర్ సమీకరణంతో సమానమని భారతీయ శాస్త్రవేత్త ఎం. లక్ష్మణన్ 1977లో చూపారు. సాలిటాన్లు అక్కడి నుంచి నేరుగా దిగివస్తాయి.

మధ్యాహ్నం చెల్లి ఫోన్ చేసింది. ఏం చేస్తున్నావంటే చెప్పాను.

"బాణాలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే ఏమవుతుంది అక్కా?" అంది.

మంచి ప్రశ్న. అది యాంటీఫెర్రో గొలుసు. కాగితం మీద గీసుకోమన్నాను. మధ్యలో ఒక బాణాన్ని తిప్పితే దానికి రెండు పక్కలా పొరుగు బాణాలు ఒకేవైపు చూస్తాయి. అంటే చెడిన బంధాలు రెండు. పక్క జతలు తారుమారవుతుంటే ఆ రెండూ చెరో దిక్కుకి జరిగిపోతాయి. తిప్పినది ఒక్క బాణం, మార్పు ఒకటి. పుట్టినవి రెండు, చెరొకదానికి సగం.

"స్పిన్ సగానికి విరిగిపోతుందా?"

విరుగుతుంది! వాటిని స్పినాన్లు అంటారు. వాటి స్పిన్ సగమేనని ఫదేయెవ్, తఖ్తజాన్ అనే శాస్త్రవేత్తలు 1981లో చూపారు. వీటిని చూడటానికి స్ఫటికం మీదికి న్యూట్రాన్లను పంపుతారు. న్యూట్రాన్ ఇచ్చిన ద్రవ్యవేగాన్ని స్పినాన్లు ఎలాగైనా పంచుకోగలవు. అందుకే కొలతల్లో సన్నని గీత రాదు, వెడల్పాటి పట్టీ కనిపిస్తుంది. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) స్ఫటికాల్లో హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం పెట్టి 2013లో ఆ పట్టీని కొలిచారు. సిద్ధాంతం ప్రకారం అందులో రెండు స్పినాన్ల వాటా దాదాపు 73 శాతం, మిగిలినదానిలో ఎక్కువ భాగం నాలుగు స్పినాన్లది. అంత నీలంగా మెరిసే పదార్థంలో ఇది జరుగుతోందని చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరిగింది.

ఫోన్ పెట్టేసే ముందు ఇంకోటి అడిగింది: పరమాణువు స్పిన్ సగం కాక ఒకటైతే? అప్పుడు కథ మొత్తం మారిపోతుంది. స్పినాన్లు విడిగా తిరగలేవు. గొలుసుని కదిలించాలంటేనే దాదాపు 0.41 జె శక్తి కావాలి. ఇలాంటి అంతరం ఉంటుందని భౌతిక శాస్త్రవేత్త డంకన్ హాల్డేన్ 1983లో అంటే మొదట చాలామంది నమ్మలేదు. 2016లో ఆయనకు వచ్చిన నోబెల్‌లో ఈ పనికీ భాగం ఉంది. సగానికీ ఒకటికీ ఇంత తేడా ఎందుకో చెప్పాలంటే టోపాలజీ అనే గణిత శాఖలోకి దిగాలి. దానికి ఫోన్ చాలదు, వచ్చే ఆదివారం కాగితాలు తెచ్చుకుని కూర్చోమన్నాను.