పట్టు... వదులు

ఆ పోర్షా 911 జీటీ3 మా గ్యారేజీకి మొదటిసారి వచ్చినప్పుడు దాని కాలిపర్లు, అంటే బ్రేకు ప్యాడ్లని డిస్కుకేసి అదిమే భాగాలు, కుంకుమ పెట్టినట్టు ఎర్రగా ఉన్నాయి. రెండు సీజన్లు యాస్ మరీనా ట్రాక్ మీద తిరిగాక ముందు చక్రాలవి రెండూ కాలిన ఇటుక రంగుకి వచ్చేశాయి. ఓనరు గారికి అది నచ్చలేదు. "రంగు వేయిస్తే ఎంతవుతుంది?" అని అడిగారు. రంగు సంగతి తర్వాత సర్, ముందు లోపల రబ్బర్లు చూద్దాం అన్నాను. కాలిపర్లకి రంగు వేయించుకునేవాళ్ళు ఇక్కడ చాలామంది. లోపలి రబ్బర్ల కిట్ వేయించుకునేవాళ్ళే తక్కువ.

నేనుండేది అబుదాబి పక్కన ముసఫ్ఫాలో. ఇండస్ట్రియల్ ఏరియా అంతా సందు సందుకీ గ్యారేజీలే. విజయవాడ ఆటోనగర్లో పెరిగినవాడికి ఇక్కడ కొత్తగా అనిపించేవి తక్కువ. ఎండ అంటారా, బెజవాడ వాడికి ఎండ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. సముద్రం మీంచి వచ్చే ఆ ఉక్కపోతే కొత్త. అందుకే ట్రాక్ కార్ల పని అక్టోబర్‌లో మొదలై ఏప్రిల్‌తో సద్దుమణుగుతుంది. మిగతా నెలల్లో ఏసీ గ్యాసు, రేడియేటర్లు, మామూలు సర్వీసులు.

యాస్ ట్రాక్ 2009లో మొదలైంది. 2021లో కొన్ని మలుపులు మార్చారు, ఇప్పుడు ఒక ల్యాపు 5.281 కిలోమీటర్లు. సాయంత్రాలు ఫ్లడ్‌లైట్ల కింద సొంత కార్లతో వచ్చి తిరిగేవాళ్ళే మా కస్టమర్లు. అందులో 1.2 కిలోమీటర్ల తిన్నటి రోడ్డు ఒకటుంది. దాని చివర మలుపు. గంటకి 250 దాకా పోయిన బండి అక్కడ నాలుగైదు సెకన్లలో 80కి దిగాలి. ఒకసారి కాగితం మీద లెక్కవేసి చూశాను. పదిహేను వందల కిలోల బండి ఆ ఒక్క బ్రేకులో వదిలే శక్తితో ఇంచుమించు పది లీటర్ల నీళ్ళు మరిగించవచ్చు. అందులో ఎక్కువ భాగం ముందు రెండు చక్రాల మీదే. ల్యాపు ల్యాపుకీ ఇదే తంతు.

మా నాన్న లారీ బ్రేకుల మనిషి. లైనింగులకి రివిట్లు కొట్టి కొట్టి ఆయన కుడిచెయ్యి ఎడమచేతికంటే లావు. ఓ రోజు ఫోన్లో, "ఆ కార్లకి ప్యాడ్లు ఎన్ని కిలోమీటర్లకి మారుస్తార్రా?" అన్నాడు.

"ట్రాక్ మీద తిరిగితే ఐదారు వందలు వస్తాయి నాన్నా."

"ఐదారు వందలేంటి! బెజవాడ నుంచి హైదరాబాద్ పోయి వస్తే అయిపోయిందా? ఇంతకీ ఎక్కడికి వెళ్తాడు?"

"ఎక్కడికీ వెళ్ళడు. బయల్దేరిన చోటికే వస్తాడు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ప్యాడ్ల ధర అడిగాడు. ఒక సెట్టు నా నెల జీతానికి అటూ ఇటూ ఉంటుందని చెప్పలేదు, ఖరీదే అని ఊరుకున్నాను.

కాలిపర్ల విషయంలో నేను తిన్న దెబ్బ కూడా ఆయనకి చెప్పలేదు. పెడల్ నొక్కుడుని కాలిపర్ల దాకా మోసే ద్రవాన్ని ఆటోనగర్లో మేం బ్రేక్ ఆయిల్ అంటాం. ఆ పేరే నా కొంప ముంచింది. అది ఆయిలే కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. అందులో నానుతూ ఉండాల్సిన సీళ్ళు కూడా ఈపీడీఎం అనే వేరే రకం రబ్బరు. పెట్రోలు, డీజిలు, మామూలు గ్రీజు, ఏది తగిలినా ఆ రబ్బరు ఉబ్బుతుంది. మనకేమో ఏది విప్పినా కిరసనాయిల్ పళ్ళెంలో వేసి బ్రష్‌తో రుద్దడమే అలవాటు. వచ్చిన మొదటి ఏడాది, వేరే గ్యారేజీలో, ఒక కారు కాలిపర్లు అలాగే పెట్రోల్లో కడిగాను. ప్యాడ్లని నెట్టే పిస్టన్లు సులువుగా దిగాలని సీళ్ళకి వేలితో శ్రద్ధగా గ్రీజు పూశాను. బిగించాక నా పని నాకే ముచ్చటేసింది. నాలుగో రోజు ఆ కారు రికవరీ బండి ఎక్కి వచ్చింది. పెడల్ వదిలినా బ్రేకులు వదలడం లేదు. చక్రం దగ్గర చెయ్యి పెట్టలేం, అంత వేడి.

అక్కడి ఫోర్‌మన్ మలయాళీ పెద్దాయన, అందరం ఇక్కా అని పిలిచేవాళ్ళం. తిట్టలేదు. కొత్త కిట్ చింపి రెండు సీళ్ళు తీశాడు. ఒకటి బ్రేక్ ఆయిల్ పోసిన టీ గ్లాసులో, రెండోది పెట్రోలు పోసిన గ్లాసులో వేసి నా టూల్‌బాక్స్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున రెండూ తీసి ఒకదాని మీద ఒకటి పెట్టాడు. నిన్న సరిగ్గా ఒకే కొలతలో ఉన్నవి. ఇప్పుడు పెద్దావిడ గాజూ చిన్నపిల్ల గాజూ పక్కపక్కన పెట్టినట్టున్నాయి. ఇక్కా చెప్పిన పాఠం అంతే. ఖర్చు మాత్రం ఆఫీసువాళ్ళు నా జీతంలో మూడు నెలలు పట్టుకున్నారు.

ఆ సీల్ ఏం చేస్తుందో తెలిశాక దాని మీద గౌరవం పెరిగింది. డ్రమ్ము బ్రేకులో షూలని వెనక్కి లాగే స్ప్రింగులుంటాయి. డిస్కు బ్రేకులో పిస్టన్‌కి అలాంటిదేమీ లేదు. కోసి చూస్తే నలుపలకలుగా ఉండే ఈ రబ్బరు రింగే, పిస్టన్ ముందుకి జరిగినప్పుడు దాన్ని పట్టుకుని కొంచెం మెలిపడుతుంది. పెడల్ వదలగానే మెలి విప్పుకుంటూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి తీసుకొస్తుంది. వేడికి రబ్బరు బిరుసెక్కితే ఆ లాగుడు ఉండదు. ప్యాడు డిస్కుని ఒరుసుకుంటూనే ఉంటుంది, ఆ ఒరుపుడుకి ఇంకా వేడి.

ఇక జీటీ3 సంగతి. ఓనరు గారు యాభై దాటిన మనిషి, మర్యాదస్తుడు. ఒక రోజు మధ్యాహ్నం వచ్చి, సాయంత్రం ట్రాక్ ఉంది, ప్యాడ్లు మార్చేసి ఇచ్చెయ్యి అన్నారు. వెనక ఎడమ చక్రం ప్యాడ్లు చేతిలోకి తీసుకోగానే విషయం అర్థమైంది. బయటిది సమంగా అరిగింది. లోపలిది ఒక చివర ఏడు మిల్లీమీటర్లు, రెండో చివర నాలుగు. మా హెల్పర్ నేపాలీ కుర్రాడిని పెడల్ మెల్లిగా నొక్కమని నేను కిందనుంచి చూశాను. మూడు పిస్టన్లు కదిలాయి, నాలుగోది మొరాయించింది. పిస్టన్ల చుట్టూ దుమ్ము ఆపే రబ్బరు తొడుగులు, డస్ట్ బూట్లు, వేలితో ముట్టుకుంటే మాడిన అప్పడంలా పొడి రాలింది. ఆ బూటు పోయాక ప్యాడు దుమ్మంతా పిస్టన్ చుట్టూ చేరుతుంది, చేరి కాలి గట్టిపడుతుంది.

ఈ రాత్రికి వద్దు సర్ అన్నాను. స్లాటు బుక్ చేసుకున్నాను, స్నేహితులు వస్తున్నారు అన్నారు. నేను ఆ నాలుగు మిల్లీమీటర్ల చివర ఆయన చేతిలో పెట్టాను, మాటలకంటే అది నయం. ఆ రాత్రి ఆయన స్నేహితుడి కారులో పక్కసీట్లో కూర్చుని తిరిగారట.

నాలుగు కాలిపర్లూ దించాం. ముందు వాటికి ఆరేసి, వెనక వాటికి నాలుగేసి, మొత్తం ఇరవై పిస్టన్లు. పని కష్టమేం కాదు, ఓపిక కావాలి. మధ్యలో చెక్క పెట్టి గాలి కొద్దికొద్దిగా పంపితే పిస్టన్లు బయటికొస్తాయి. ఆ చెక్క ఉన్న చోట వేలు ఉంటే వేలు పోతుంది. ముందు కాలిపర్లో అన్నీ ఒకే సైజు కావు, డిస్కు లోపలికి వచ్చే వైపు చిన్నది, బయటికి పోయే వైపు పెద్దది, ప్యాడు ఏటవాలుగా అరగకుండా. అందుకే తీసిన వరుసలోనే గుడ్డ మీద పేర్చుకుంటాను. గాడిలోంచి పాత సీల్ తీయడానికి స్క్రూడ్రైవర్ వాడను. అల్యూమినియం మీద గీత పడిందంటే ఆ కాలిపర్ అక్కడినుంచే కారుతుంది. కబాబ్ కొట్లో ఇచ్చే చెక్క పుల్లలు ఓ కట్ట నా టూల్‌బాక్స్‌లో ఎప్పుడూ ఉంటాయి. కొత్త సీళ్ళు కొత్త బ్రేక్ ఆయిల్లో ముంచి వేలితో గాడిలో కూర్చోబెడతాను. గ్రీజు డబ్బా ఆ పూటకి బల్ల మీదే ఉండదు.

ఆయిల్ కూడా అంతా మార్చాం. డాట్ 4 అని రాసి ఉన్నది కొత్తప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి. గాలిలో తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ట్రాక్ కార్లకి మేం పోసేవి కొత్తగా ఉన్నంతకాలం 300 దాటినా తట్టుకుంటాయి. కానీ అవి కూడా తేమ పీల్చుకునే జాతే. ఈ సముద్రపు గాలిలో మూత తీసిన డబ్బాని నేను మళ్ళీ వాడను. మరిగిందంటే లోపల ఆవిరి బుడగలు, పెడల్ నొక్కితే నలిగేది ఆ బుడగలే. కాలు నేలకి తగులుతుంది, బండి మాత్రం ఆగదు.

ఓనరు గారికి రెండే మాటలు చెప్పాను. చివరి ల్యాపు బ్రేకు జోలికి పోకుండా నెమ్మదిగా తిరిగి రండి. వచ్చాక హ్యాండ్‌బ్రేకు వేయకండి, చక్రం కింద చెక్క నేను పెడతాను. పరుగులో ఉన్నంతసేపు గాలి తగులుతుంది, ఆగాకే డిస్కులో వేడంతా కాలిపర్లోకి ఎక్కుతుంది. రబ్బర్లు మాడేది అప్పుడే. ఆయన తలూపారు. పాటిస్తున్నారు కూడా, చాలావరకు.

ఇక ఎయిర్ తీయడం, అంటే ఆయిల్లో చిక్కిన గాలి బయటికి పంపడం. ఆ గాలి వదిలే నిప్పిళ్ళు ఒక్కో కాలిపర్‌కి రెండు, మొత్తం ఎనిమిది. మెషిన్ ఉంది, కానీ ఆఖర్న ఒక చుట్టు మనిషితో తీస్తేనే నాకు నమ్మకం. నేపాలీ కుర్రాడు సీట్లో, నేను చక్రం దగ్గర. మొదట్లో హిందీలో చెప్పేవాణ్ణి. హడావిడిలో నోట్లోంచి తెలుగే వస్తుంది కదా, వాడికి ఆ రెండు మాటలూ పట్టుబడ్డాయి. పట్టు అంటే నొక్కిపెడతాడు, వదులు అంటే వదులుతాడు. చక్రాలు ఎక్కించాక ఆ సీట్లో నేను కూర్చుంటాను. చక్రం మధ్యలో ఒకే ఒక్క పెద్ద నట్టు, బిగింపు 600 న్యూటన్ మీటర్లు. వాడు బారెడు రెంచి మీద వేలాడుతుంటే నేను బ్రేకు తొక్కి పట్టాలి. ఆ కారులో నా డ్రైవింగ్ అంతవరకే.

తర్వాతి ట్రాక్ రాత్రి ఆయన మమ్మల్ని కూడా రమ్మన్నారు. మొదటి సెషన్ అయ్యాక పెడల్ ఒక అర అంగుళం మెత్తగా ఉందన్నారు. చల్లారనిచ్చి, పిట్‌లోనే చక్రం విప్పి, నిప్పిల్‌కి గొట్టం తగిలించాను. పట్టు. రెండు చిన్న బుడగలు. వదులు. మళ్ళీ పట్టు.

"అన్నా, తెలుగోళ్ళా?"

వెనక్కి తిరిగితే చెత్త బండి తోసుకుంటూ ఒకతను. జగిత్యాల దగ్గర పల్లె అట, వచ్చి పదకొండేళ్ళు. ఎక్కడుంటావు, కంపెనీ ఏది, ఇంటికి పోయి ఎన్నాళ్ళయింది, పిల్లలెంతమంది అని మాటల్లో పడ్డాం. వాళ్ళ పెద్దమ్మాయి ఇంటర్ సెకండియర్ అని చెబుతున్నాడు. లోపల పెడల్ నేలకి తొక్కిపట్టి కూర్చున్న కుర్రాడు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అన్నా... వదులు?"