ఆమె కోపానికి కారణం ఎందుకు అడగరు?

మీటింగ్‌లో మగమనిషి గొంతు పెంచితే సంగతేదో గట్టిదే అనుకుంటాం, అదే ఆడమనిషి గొంతు పెంచితే సంగతి పక్కకుపోయి ఆమె గుణం మీదికి మాట మళ్లుతుంది. కాలనీ కమిటీల్లో, బడి మీటింగుల్లో, గ్రామసభల్లో నేను చూస్తూ వస్తున్నది ఇదే. దీని గురించి ఓపెన్‌గా మాట్లాడుకోవాలని రాస్తున్నాను.

అలవాటు ఎంత చిన్నప్పటి నుంచి మొదలవుతుందంటే, 1976లో జాన్ కాండ్రీ, శాండ్రా కాండ్రీ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఒక పసిబిడ్డ వీడియో చూపించారు. పెట్టెలోంచి బొమ్మ ఒక్కసారిగా పైకి ఎగిరితే ఆ బిడ్డ ఏడుస్తుంది. బాబు అని చెప్పినవాళ్లకు ఆ ఏడుపులో కోపం ఎక్కువగా కనబడింది, పాప అని చెప్పినవాళ్లకు భయం కనబడింది. బిడ్డ ఒక్కటే, వీడియో ఒక్కటే. ఇంకా మాటలు కూడా రాని వయసులోనే మనం ఎవరికి ఏ ఉద్వేగం ఉండాలో పంచిపెట్టేస్తున్నామన్నమాట.

ఇక మా హన్మకొండ సంగతి. 2023 జూలై వరదల్లో ఊళ్లో చాలా కాలనీలు మునిగిన తర్వాత మోరీలంటే అందరికీ టెన్షనే, వానకాలం వస్తుందంటే చాలు, మా దగ్గర మోరీ పూడిక తీయించడానికి ఇంటింటికీ డబ్బులు జమ చేస్తారు. మొన్నటి మీటింగ్‌లో ఒక అక్క, అంగన్‌వాడీలో పనిచేస్తుంది, లేచి అడిగింది: "పైసలిచ్చి నెలలైతున్నది, మా గల్లీల మోరీ అట్లనే ఉన్నది, లెక్కేది?" గొంతు కొంచెం పెద్దదే, చెయ్యి కూడా వణికింది. వెంటనే వచ్చిన జవాబు, "అక్కా, జర నిమ్మలంగ మాట్లాడు, గంత కోపమెందుకు?" లెక్క మాట ఎవరూ ఎత్తలేదు. కాసేపటికి ఒక రిటైర్డ్ సార్ ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి తన్ని లేచి అదే ప్రశ్న, ఇంకా గట్టిగా అరిచి అడిగారు. సెక్రటరీ లేచి వెళ్లి స్కూటీ డిక్కీలోంచి లెక్కల పుస్తకం తెచ్చాడు. నేను "అక్క అడిగింది గూడ గిదే కదన్నా" అన్నాను. ఒకరిద్దరు తలలు తిప్పి చూశారు, అంతే.

వాళ్లేమీ దుర్మార్గులు కాదు, మా పక్కింటివాళ్లే, అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకెళ్లమంటే బండి తీసేవాళ్లే. అందుకే నాకు ఇది మనుషుల మంచితనం చెడ్డతనం విషయంగా అనిపించదు. 2008లో విక్టోరియా బ్రెస్కాల్, ఎరిక్ ఉల్మన్ చేసిన పరిశోధనలో ఉద్యోగ ఇంటర్వ్యూ వీడియోలు చూపించారు. కోపం చూపిన మగవాడికి జనం హోదా పెంచారు, కోపం చూపిన ఆడమనిషికి తగ్గించారు. మగవాడికి కోపం రావడానికి బయట ఏదో జరిగి ఉంటుందని, ఆమె మాత్రం స్వభావమే అంత అని వాళ్ల లెక్క. అయితే ఆమె తన కోపానికి బయటి కారణం ఇదీ అని చెప్పినప్పుడు ఆ నష్టం చాలావరకు పోయింది. నాకు ఇక్కడే మండుతుంది: ఆయనకు కారణం ఉందని ముందే నమ్ముతారు, ఆమె మాత్రం కారణం చేతిలో పట్టుకుని రావాలి. మా అక్క కారణం చెప్పనే చెప్పింది కదా, మొదటి మాటలోనే!

మా అమ్మ వాళ్ల పొదుపు సంఘం చూస్తే ఇంకో సంగతి అర్థమైంది. వాయిదా కట్టలేదని అక్కడ అరుచుకుంటారు, వేలెత్తి చూపిస్తారు, తర్వాత పుస్తకంలో సంతకాలు పెట్టి కలిసి చాయ్ తాగుతారు. ఎవరి కోపమైనా అప్పు గురించే. అదే ఆడవాళ్లు గ్రామసభకు వస్తే ఓ మూలకు కూర్చుని కొంగు సర్దుకుంటూ పక్కవాళ్ల చెవిలో మాట్లాడుకుంటారు. సిగ్గు అంటారుగానీ, సంఘంలో ఆ సిగ్గు ఎక్కడికి పోయింది? 2012లో కార్పోవిట్జ్, మెండెల్‌బర్గ్, షేకర్ ఐదుగురేసి ఉన్న గుంపులతో చేసిన ప్రయోగంలో, ఆడవాళ్లు తక్కువమంది ఉండి మెజారిటీతో తేల్చే పద్ధతి ఉంటే వాళ్లు తమ వంతు కన్నా తక్కువ మాట్లాడారు. అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం అనే నియమం పెడితే ఆ తేడా పోయింది. అంటే ఆడవాళ్లకు ధైర్యం నూరిపోసే క్లాసుల కన్నా మీటింగ్ నడిపే పద్ధతి మార్చడం ముందు పని. మన పంచాయతీల్లో సగం సీట్లు మహిళలకు ఉన్నాయి, అయినా కొన్నిచోట్ల సర్పంచ్ కుర్చీ పక్కన భర్త కూర్చుని మాట్లాడుతుంటే సీటు ఒక్కటే సరిపోదని తెలుస్తూనే ఉంది.

మగవాళ్లకూ ఇందులో సుఖం లేదు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తికి ధర రాక నిలబడ్డ రైతు అరిస్తే వింటారు, ఏడిస్తే మొగోడివై ఏడుస్తవా అంటారు. దుఃఖం కూడా కోపం వేషం కట్టుకునే బయటికి రావాలి, ఇంటికెళ్లాక అది ఎవరి మీద పడుతుందో మనకు తెలుసు.

మా కమిటీ తర్వాతి మీటింగ్‌లో నేను రెండు అడగబోతున్నాను. వరసగా ప్రతి ఒక్కరికీ మాట్లాడే వంతు ఇవ్వాలి, ఎవరు ఏ ప్రశ్న అడిగారో పేరుతో సహా పుస్తకంలో రాయాలి. రాసిన ప్రశ్నకు జవాబు వచ్చాకే దాన్ని అడిగిన గొంతు గురించి మాట్లాడుకుందాం.